గాజు కప్పు సన్‌రూమ్‌కు బయటి నీడ: ఒక కేసు, దాని లెక్కలు, బిగింపులో వచ్చిన చిక్కులు

ఇంటి వెనక గోడకు ఆనించి కట్టిన సన్‌రూమ్ ఇది. కప్పు పూర్తిగా గాజు. వెడల్పు 5 మీటర్లు, వాలు వెంబడి పొడవు 3.6 మీటర్లు, మొత్తం 18 చదరపు మీటర్లు. వాలు 10 డిగ్రీలే. అల్యూమినియం దూలాలు ఏడు, వాటి మధ్య ఆరు గళ్లు, ఒక్కో గడి సుమారు 83 సెంటీమీటర్లు. అద్దం రెండు పలకలది, మధ్యలో గాలి ఖాళీ ఉంది. పై పలక టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచినది), కింది పలక లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొరతో అంటించినది), పూత ఏమీ లేదు. పడమటి పక్క గోడ కూడా గాజే, దాదాపు 8 చదరపు మీటర్లు. లోపల ముదురు బూడిదరంగు రోలర్ బ్లైండ్లు, 1.5 టన్నుల ఏసీ ఉన్నాయి. ఉదయం పదకొండు దాటితే ఏసీ ఆగకుండా నడుస్తున్నా గదిలో కూర్చోలేకపోతున్నారన్నది ఫిర్యాదు.

ఇలాంటి గదికి మొదట వచ్చే సలహా పెద్ద ఏసీ పెట్టమని. రెండోది, లోపల ఇంకా మందపాటి తెర వేయమని. ఆ రెండూ ఎందుకు పనికిరావో ముందు లెక్క చూద్దాం.

లోపలికి వచ్చే వేడి ఎంత

మబ్బు లేని వేసవి మధ్యాహ్నం దాదాపు సమతలంగా ఉన్న కప్పు మీద చదరపు మీటరుకు సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది. పూత లేని రెండు పలకల అద్దం అందులో నాలుగింట మూడు వంతులు లోపలికి వదులుతుంది. ఈ నిష్పత్తినే జీ-విలువ అంటారు, ఈ అద్దానికి అది సుమారు 0.76. 900ని 18తో, 0.76తో గుణిస్తే 12.3 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేది 3.5 కిలోవాట్లు. అంటే కప్పు ఒక్కటే మూడున్నర టన్నుల పని పెడుతోంది, అక్కడున్నది ఒకటిన్నర టన్ను. మధ్యాహ్నం నాలుగు ప్రాంతంలో కప్పు మీద ఎండ తగ్గుతుంది గానీ పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల దాకా సూటిగా పడుతుంది. ఆ 8 చదరపు మీటర్ల నుంచి ఇంకో 3.6 కిలోవాట్లు వస్తాయి. అందుకే సాయంత్రమైనా ఈ గది చల్లబడదు.

మరి లోపలి బ్లైండ్లు ఏం చేస్తున్నాయి? అద్దం సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది. కానీ వేడెక్కిన వస్తువులు వెదజల్లే దీర్ఘతరంగ వేడిని బయటికి పోనివ్వదు. ముదురు బ్లైండ్ ఎండను పీల్చుకుని తానే వేడెక్కి, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. బ్లైండ్‌కు, అద్దానికి మధ్య ఉన్న వేడి గాలి కూడా చివరికి గదిలోకే వస్తుంది. లోపలి తెర మేలు చేసేది ఒకే దారిలో: కాంతిని కాంతిగానే అద్దం గుండా వెనక్కి తిప్పి కొట్టడం. అందుకు తెర తెల్లగా ఉండాలి.

పాత ఐరోపా ప్రమాణం ఇఎన్ 13363-1లోని సరళ పద్ధతి ప్రకారం ఇదే అద్దంతో లెక్క కడితే, లోపల ముదురు బ్లైండ్ ఉన్నప్పుడు మొత్తం జీ-విలువ సుమారు 0.65 వస్తుంది. లోపల తెల్లటి బ్లైండ్‌తో 0.40, బయట ముదురు మెష్ గుడ్డతో 0.17 నుంచి 0.18. కప్పు నుంచి వచ్చే వేడిగా చూస్తే వరసగా 10.5, 6.5, 2.8 కిలోవాట్లు. లోపలి బ్లైండ్లను తెల్లగా మార్చడం కూడా చిన్న మేలేమీ కాదు. అద్దె ఇల్లయినా, బయట బిగించే అనుమతి లేకపోయినా అదే చేయాలి. కానీ ఉన్న ఏసీ తట్టుకునే స్థాయికి వేడి దిగాలంటే ఎండ అద్దాన్ని తాకకముందే ఆగాలి.

గుడ్డ రంగు దగ్గర చాలామంది తడబడతారు

బయట వేసే గుడ్డ కూడా తెల్లగానే ఉండాలనుకోవడం సహజం. లెక్క వేరే చెబుతుంది. ముదురు మెష్ పడిన ఎండలో 6 శాతాన్ని మాత్రమే వదిలి, 84 శాతం దాకా పీల్చుకుంటుంది. అయితే ఆ పీల్చుకున్న వేడి బయట ఉంది, దాన్ని గాలి మోసుకుపోతుంది. లేత రంగు మెష్ ఎక్కువ తిప్పి కొడుతుంది గానీ దారాల గుండా 16 శాతం దాకా కాంతిని వదిలేస్తుంది. రెండింటి మొత్తం జీ-విలువా ఈ అద్దం మీద 0.17 దగ్గరే తేలుతుంది. వేడిని తక్కువగా వెదజల్లే పూత (లో-ఇ) ఉన్న మంచి అద్దమైతే ముదురు గుడ్డే కొంచెం మెరుగు, దానికి సుమారు 0.11, లేతదానికి 0.13. పైగా లేత గుడ్డ ఎండలో మెరిసి కళ్లకు గుచ్చుకుంటుంది, ముదురు గుడ్డ గుండా ఆకాశం కనిపిస్తుంది. గది చీకటవుతుందన్న భయమూ అక్కర్లేదు. బయట లక్ష లక్స్ ఉన్నప్పుడు 6 శాతం వదిలే గుడ్డను, దాని కింది అద్దాన్ని దాటాక కూడా దాదాపు 5,000 లక్స్ మిగులుతుంది. చదువుకునే బల్లకు 500 చాలు.

ఒక్క షరతు మాత్రం ఉంది. ముదురు గుడ్డకు కింద గాలి ఆడాలి. అద్దానికి ఆనించి పరిస్తే ఆ 84 శాతం వేడి గాజులోకే దిగుతుంది. ఇక్కడ గుడ్డకు, అద్దానికి మధ్య 150 మిల్లీమీటర్లు వదిలాం. 100 కన్నా తగ్గితే పడిన ఆకులు బయటికి రావు, తుడిచే కర్రా దూరదు.

ఎంచుకున్నది: పీవీసీ పూత ఉన్న పాలియెస్టర్ మెష్, రంధ్రాల శాతం 5, ముదురు బూడిద రంగు. ఆనింగులకు (బయట చాచే గుడ్డ నీడలకు) వాడే అక్రిలిక్ గుడ్డను కావాలనే వదిలేశాం. 10 డిగ్రీల వాలు మీద నీళ్లు నిలవని గుడ్డ కావాలి. ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే చదరపు మీటరుకు ఒక కిలో బరువు. మధ్యలో ఒక గుంట ఏర్పడితే వాన పడేకొద్దీ అది పెద్దదవుతుంది, గుడ్డ సాగుతుంది, మళ్లీ బిగువుగా రాదు. అక్రిలిక్‌కు కనీసం 14 డిగ్రీల వాలు చూసుకోవాలి, లేదా చినుకు పడగానే చుట్టేయాలి. మెష్ అయితే నీరు కిందికి జారిపోతుంది.

రెండు యూనిట్లుగా ఎందుకు

5 మీటర్లను ఒకే గుడ్డతో కప్పవచ్చు. కానీ అంత పొడవు రోలర్ పైపు సొంత బరువుకే మధ్యలో వంగుతుంది, గుడ్డ మధ్యలో వదులై ముడతలు పడుతుంది. గుడ్డ రోల్ వెడల్పు చాలక కుట్టు వేయాల్సి వస్తుంది. కుట్టు ఉన్నచోట రెండు మడతల మందం రోలర్ మీద పొరపొరకూ పేరుకుంటుంది, దాని రెండు పక్కలా గుడ్డ అలలు తేలుతుంది. చాలా ఆనింగుల మీద కనిపించే ఆ అలలకు నేత లోపం కారణం కాదు, కుట్టే కారణం. 2.5 మీటర్ల యూనిట్లు రెండు పెడితే కుట్టు ఉండదు, గుడ్డ అంచులు జారే మధ్య రెయిలు సరిగ్గా నాలుగో దూలం మీదికి వస్తుంది.

ఒక్కో యూనిట్‌లో ఉన్నవి: 85 మిల్లీమీటర్ల రోలర్ పైపు, దాన్ని కప్పి ఉంచే అల్యూమినియం పెట్టె (క్యాసెట్), ముందు పట్టీ, రెయిళ్లలో గుడ్డను ఎప్పుడూ లాగి ఉంచే గ్యాస్ స్ప్రింగులు రెండు, పైపు లోపలే ఇమిడే ఒక ట్యూబులర్ మోటారు. స్ప్రింగుల లాగుడు ఒక్కోటి 150 న్యూటన్లు, మొత్తం 300. గుడ్డంతా చుట్టుకున్నాక రోలర్ వ్యాసార్ధం 49 మిల్లీమీటర్లు, అంటే కావలసిన తిప్పుడు బలం సుమారు 15 న్యూటన్ మీటర్లు. రాపిడికి పావు వంతు కలిపితే 18. 30 న్యూటన్ మీటర్ల, నిమిషానికి 17 చుట్ల మోటారు పెడితే గుడ్డ ముప్పావు నిమిషంలో దిగుతుంది. ఇంతకంటే చాలా పెద్ద మోటారు పెట్టడం భద్రత కాదు. ఏదైనా ఇరుక్కుంటే చిన్న మోటారు ఆగిపోతుంది, పెద్దది గుడ్డను చింపుతుంది.

దూలాలకు బిగింపు

పనిలో ఎక్కువ జాగ్రత్త, ఎక్కువ సమయం ఇక్కడే పట్టాయి. ముందు గాలి లెక్క చూడండి. సెకనుకు 20 మీటర్ల గాలి చదరపు మీటరుకు 245 న్యూటన్ల ఒత్తిడి తెస్తుంది. 18 చదరపు మీటర్ల మీద అది 4,400 న్యూటన్లు, దాదాపు 450 కిలోల బరువును పైకి లాగినట్టు. గాలి వస్తే గుడ్డ చుట్టుకుంటుంది కదా అనవచ్చు. సెన్సారు బ్యాటరీ అయిపోయిన రోజున, కరెంటు పోయిన రోజున బిగింపు ఒక్కటే మిగులుతుంది. మూడు రెయిళ్లు, ఒక్కోదానికి నాలుగు బ్రాకెట్లు పెట్టాం. సగటు తీస్తే బ్రాకెట్‌కు 37 కిలోలే. కానీ మధ్య రెయిలు రెండు గుడ్డల సగాల్నీ మోస్తుంది కనుక దాని బ్రాకెట్లకు 56 కిలోల చొప్పున పడుతుంది. ఎప్పుడూ మధ్య రెయిలునే లెక్కగట్టాలి.

బ్రాకెట్‌ను దూలం మీది అల్యూమినియం టోపీ పట్టీకి మాత్రమే బిగించడం చాలాచోట్ల కనిపించే తప్పు. ఆ పట్టీ పని అద్దాన్ని, రబ్బరు గాస్కెట్‌ను నొక్కి ఉంచడం. దానికి పైకి లాగే బలం తగిలితే నొక్కుడు సడలి కప్పు కారుతుంది. స్క్రూ పట్టీ గుండా దిగి దూలం లోహంలో పట్టుకోవాలి. రంధ్రం సరిగ్గా మధ్య గీత మీదే ఉండాలి, ఎందుకంటే దూలానికి రెండు వైపులా అద్దం అంచులు 12 నుంచి 15 మిల్లీమీటర్లు లోపలికి వచ్చి కూర్చుంటాయి. టఫెన్డ్ అద్దం అంచుకు డ్రిల్ కొన తగిలితే పలక మొత్తం పొడి అవుతుంది.

వరస ఇలా సాగింది: దారం కట్టి మధ్య గీత గీయడం, డ్రిల్‌కు లోతు ఆపు పెట్టి రంధ్రం వేయడం, పొడిని పీల్చేయడం, రంధ్రంలో న్యూట్రల్ సిలికాన్ నింపడం, రబ్బరు వాషర్ ఉన్న స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించడం. బ్రాకెట్ అడుగున 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క ఉంటుంది. స్టెయిన్‌లెస్, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తాకితే అల్యూమినియం తినుకుపోతుంది, అందుకే మధ్యలో నైలాన్ వాషర్ కూడా వేయాలి. సముద్రపు గాలి తగిలేచోట 316 రకం స్టెయిన్‌లెస్ తప్ప వేరేది వాడకూడదు.

రెయిలు ఒక చివరే గట్టిగా ఉండాలి, మిగతా బ్రాకెట్లకు పొడవాటి రంధ్రాలు కావాలి. 3.6 మీటర్ల అల్యూమినియం 50 డిగ్రీల తేడాకు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. అన్ని చివర్లూ బిగిస్తే ఆ సాగుడు స్క్రూను పక్కకు తోస్తుంది. సీలెంట్ తెగిపోయేదీ ఇలాగే, తప్పు సీలెంట్‌ది కాదు.

రెయిళ్లు బిగించాక ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా ఉన్న రెండు దూరాలూ కొలిచి పోల్చాలి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే గుడ్డ రోలర్ మీద ఒక పక్కకు జరుగుతూ పోతుంది. ఇక్కడ కుడి యూనిట్‌లో 7 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. దూలమే కొంచెం వంకరగా ఉంది. దూలాన్ని సరిచేయలేం కాబట్టి బ్రాకెట్ పొడవాటి రంధ్రాల్లో రెయిలును జరిపి సరిపెట్టాం. ఈ కొలత గుడ్డ ఎక్కించక ముందే తీసుకోవాలి. ఎక్కించాక బయటపడితే మొత్తం విప్పాలి.

క్యాసెట్ ఇంటి గోడ వైపు, అంటే పై అంచున ఉంది. దాన్ని గోడకు ఆనించి మూసేస్తే గుడ్డ కింద పైకి ఎక్కే వేడి గాలికి దారి ఉండదు. అందుకే గోడకు, క్యాసెట్‌కు మధ్య 60 మిల్లీమీటర్ల సందు వదిలాం. ఆ సందు లేకపోతే 150 మిల్లీమీటర్ల ఎడం వల్ల వచ్చే లాభం చాలావరకు పోతుంది.

పైకి తెరుచుకునే కిటికీ

కప్పులో ఐదో గడిలో ఒక కిటికీ ఉంది, 30 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. కొలతల రోజున అది మూసి ఉంది, కాగితం మీదికి రాలేదు. గుడ్డ దిగుతుండగా కిటికీ తెరిస్తే, కిటికీ తెరిచి ఉండగా గుడ్డ దిగితే, రెండింటిలోనూ ఏదో ఒకటి పోతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, కిటికీ మూసి ఉంటేనే మోటారుకు కరెంటు వెళ్లేలా స్విచ్ పెట్టడం. కానీ అప్పుడు నీడ కావలసిన గంటల్లోనే గాలి ఆగిపోతుంది. ఇక్కడ తీసుకున్నది రెండో దారి. ఆ కిటికీని శాశ్వతంగా మూసి, రెండు పక్క గోడల పైభాగాన, ఇంటి గోడ దగ్గర, ఒక్కోటి అర చదరపు మీటరు లూవర్లు (ఏటవాలు పట్టీల సందుల గుండా గాలి ఆడే కిటికీలు) పెట్టాం. కింద ముందు గోడ జారుడు కిటికీలు ఉన్నాయి, వాటిని ఒక చదరపు మీటరు మేర తెరిచి ఉంచవచ్చు.

ఇంతమాత్రం తెరుపుతో ఎంత చల్లబడుతుంది? పైనా కిందా ఒక్కో చదరపు మీటరు, ఎత్తు తేడా 2 మీటర్లు, గాలి లేని రోజు అనుకుని వేడి గాలి పైకి లేచే బలంతోనే లెక్క కడితే, 12.3 కిలోవాట్ల వేడికి గది బయటికన్నా 16 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. నీడ వేసి 2.8 కిలోవాట్లకు తెస్తే 6 డిగ్రీలు. అద్దం గుండా బయటికి పోయే వేడిని ఈ లెక్కలో కలపలేదు, కాబట్టి నిజంలో రెండూ ఇంకొంచెం తక్కువే ఉంటాయి. కానీ ఒక సంగతి తెలుస్తుంది. నీడ లేకుండా కిటికీలతో గెలవలేం, కిటికీలు లేకుండా నీడ కూడా పూర్తి పని చేయదు. ఏసీ నడిపే గంటల్లో మాత్రం లూవర్లు మూయాలి.

పడమటి గోడకు నిలువు జిప్ స్క్రీన్ (పక్క అంచులు జిప్‌లా రెయిళ్లలో పట్టుకుని దిగే తెర) పెట్టాం, అదే గుడ్డతో. చూరు ముందుకు పెంచితే సరిపోదా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. సాయంత్రపు ఎండ చూరు కిందినుంచి దూరి వస్తుంది, అందుకే పడమటికి నిలువు నీడే కావాలి.

కరెంటు పనిలో ఒక ప్రమాదం

రెండు మోటార్లను ఒకే స్విచ్‌కు నేరుగా జోడించడం మామూలుగా జరిగే తప్పు, ఇక్కడా మొదట అదే జరిగింది. ఒక మోటారు తన పరిమితి దగ్గర ఆగాక, రెండోదాని చుట్టల గుండా, కెపాసిటర్ గుండా కరెంటు వెనక్కి ప్రవహిస్తుంది. ఆగాల్సిన మోటారు వెనక్కి తిరుగుతుంది లేదా పరిమితి స్విచ్ కాలిపోతుంది. ప్రతి మోటారుకూ విడి రిలే ఉండాలి, లేదా రేడియో రిసీవర్ మోటారు లోపలే ఉన్న రకం కొనాలి. పరిమితులు సెట్ చేసేటప్పుడు మోటారు మధ్యలో ఆగిపోతే చెడిపోయిందనుకోవద్దు. ఈ మోటార్లు సుమారు నాలుగు నిమిషాలు వరసగా నడిస్తే వేడి రక్షణ వాటిని ఆపేస్తుంది. చల్లబడేదాకా ఆగితే చాలు. కేబుల్ మోటారులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఇవ్వాలి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లోపలికి పాకదు.

గాలి సెన్సారును సెకనుకు 9 మీటర్ల దగ్గర పెట్టాం. ఆనింగులకు ఐరోపా ప్రమాణమైన ఇఎన్ 13561లో రెండో తరగతి ఆనింగ్‌ను గాలి బలాన్ని కొలిచే బోఫర్ట్ స్కేలు మీద 5, అంటే సెకనుకు 10.7 మీటర్ల గాలి దాకా పరీక్షిస్తారు. సెన్సారు అంతకంటే ముందే స్పందించాలి. దాన్ని ఇంటి గోడ చాటున బిగిస్తే గాలి తెలియదు, బయటి అంచున బిగించాలి.

గుడ్డ ఎప్పుడు దించాలి

గది వేడెక్కాక కాదు. ఎండ కప్పు మీదికి రాకముందే దించాలి. రాయి నేల, సిమెంటు గోడ ఒకసారి వేడి పీల్చుకున్నాయంటే సాయంత్రం దాకా దాన్ని వదులుతూనే ఉంటాయి. ఎండ సెన్సారును 25,000 లక్స్ దగ్గర ఉంచాం. మబ్బు ముక్క వచ్చినప్పుడల్లా గుడ్డ ఎక్కిదిగకుండా, పైకి వెళ్లడానికి 20 నిమిషాల ఆలస్యం ఇచ్చాం.

సగం దించి వదిలేయడం మంచిది కాదు. పలకలో ఎండ పడ్డ సగం వేడెక్కి సాగుతుంది, నీడలోని సగం సాగదు. మామూలు అద్దం 30 నుంచి 40 డిగ్రీల తేడాకే అంచు నుంచి చిట్లవచ్చు. టఫెన్డ్ పలక 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది గనుక ఇక్కడి పై పలకకు భయం లేదు. కింది లామినేటెడ్ పలక మామూలు అద్దంతో చేసినదైతే జాగ్రత్త అవసరం. అద్దం లోపలి వైపు సన్ ఫిల్మ్ అంటించాలని ఎవరైనా అంటే కూడా ముందు పలక ఏ రకమో అడగాలి. ఫిల్మ్ పీల్చుకున్న వేడి అద్దంలోనే నిలుస్తుంది.

మోటారు, క్యాసెట్ పెట్టుకోలేని చోట

ఇదే నియమం షేడ్ నెట్‌తోనూ నడుస్తుంది. 90 శాతం ఎండను ఆపే నల్ల నెట్‌ను అద్దానికి 150 మిల్లీమీటర్ల పైన కడితే మొత్తం జీ-విలువ సుమారు 0.21 వస్తుంది, 75 శాతం నెట్‌తో 0.31. రెండూ లోపలి తెల్ల బ్లైండ్‌ను మించినవే. 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగలు దూలాల పైన బ్రాకెట్లకు కట్టి, చివర బిగింపు మరలు పెట్టి, నెట్ అంచును మడిచి కుట్టి, ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక రింగు వేయాలి. అంచు మడవకుండా నెట్‌కే రింగు వేస్తే మొదటి పెద్ద గాలికి ఆ వరస మొత్తం చిరుగుతుంది. నెట్‌ను చుట్టలేం కనుక గాలివాన హెచ్చరిక ఉన్నప్పుడు దించే మనిషి ఉండాలి. చలికాలం ఎండ కావాలంటే విప్పాలి.

బిగించాక మొదటి వానకు మధ్య రెయిలు మూడో బ్రాకెట్ దగ్గర తడి కనిపించింది. అక్కడ రంధ్రంలో లోహపు పొడి మిగిలిపోయి రబ్బరు వాషర్ పూర్తిగా కూర్చోలేదు. విప్పి, శుభ్రం చేసి, సిలికాన్ మళ్లీ నింపి బిగించాక ఆగింది. ఏసీ మార్చలేదు. ఇప్పుడు అది మధ్యాహ్నం ఆగి ఆగి నడుస్తోంది. లోపలి ముదురు బ్లైండ్లను తీసేశారు.

నిర్వహణలో మరిచిపోకూడనివి కొన్ని ఉన్నాయి. తడిసిన గుడ్డను చుట్టాల్సి వస్తే ఒకటి రెండు రోజుల్లో విప్పి ఆరబెట్టాలి, లేకపోతే బూజు మరకలు పడతాయి, అవి పోవు. పక్షుల రెట్టను ఎండిపోనిచ్చి గీకకూడదు, గోరువెచ్చని సబ్బునీళ్లతో నానబెట్టాలి. రెయిళ్లలో నూనె పోయవద్దు, దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. పొడి సిలికాన్ స్ప్రే చాలు. ఏటా వేసవికి ముందు బ్రాకెట్ స్క్రూలు పన్నెండూ ఒకసారి చూడాలి. బిగించిన రోజునే స్క్రూ తల మీదుగా బ్రాకెట్ మీదికి పెయింట్‌తో ఒక గీత గీసి ఉంచితే, ఏది సడలిందో స్పానర్ పట్టుకోకుండానే నిచ్చెన మీంచి కనిపిస్తుంది.